జీపు కమానులు: భారము, ఎత్తు

1804వ సంవత్సరమున లండను నగరమందలి బండ్ల నిర్మాత ఓబడయా ఎలియట్, ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి వంచి, అట్టి రెండు కట్టలను ఎదురెదురుగా కలిపి, అండాకారముగా చేసిన కమానులకు పేటెంటు పొందెను. అంతకు పూర్వము సంపన్నుల బండ్ల పెట్టెలను తోలుపట్టీలతో వ్రేలాడదీయుచుండిరి. ముందు ఇరుసును వెనుక ఇరుసును కలుపుటకు అడుగున బరువైన దూలమొకటి తప్పనిసరిగా నుండెడిది. ఎలియట్ కమానులు ఇరుసుల మీదనే పెట్టెను నిలిపినందున ఆ దూలముతో పని లేకపోయెను. బండి తేలికయ్యెను, గుఱ్ఱమునకు శ్రమ తగ్గెను. మన పట్టణములలో మోటారు రాకపూర్వము తిరిగిన జట్కాలను మోసినవియు ఈ వంశమునకు చెందిన కమానులే.

కమాను కట్టను విప్పి చూచినవారికి దాని నిర్మాణములోని వివేకము తెలియగలదు. అన్నిటికన్న పొడవైన ప్రధాన పట్టీకి రెండు కొసలయందును చుట్టిన కన్నులుండును. ఆ కన్నులలో బుష్షులు కూర్చుండును. దాని క్రింది పట్టీలు క్రమక్రమముగా పొట్టివగుచు వచ్చి, నడుమ సెంటరు బోల్టుచే ఒక్కటిగా బిగింపబడి, యు బోల్టులచే ఇరుసునకు కట్టబడును. బండి ఊగునపుడు పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుట వలననే ఆ ఊగులాట కొంత అణగును. అయితే అదే రాపిడి చేత, చిరకాలము తిరిగిన బండి కమానును విప్పినచో, ప్రతి పట్టీ కొస తన పై పట్టీలో నెలవంక యాకారపు గాడిని తొలిచి యుండుటయు, ఆ గాడిలో ఎఱ్ఱని తుప్పు పొడి నిండి యుండుటయు కానవచ్చును. పట్టీ విరుగుట సామాన్యముగా అట్టి గాడి యొద్దనో సెంటరు బోల్టు రంధ్రము యొద్దనో ఆరంభమగును. ఇక బిగువు మాట: పట్టీ మందము రెట్టింపైనచో బిగువు ఎనిమిది రెట్లగును; పొడవు రెట్టింపైనచో ఎనిమిదవ వంతునకు తగ్గును; పట్టీల సంఖ్య ఎంత పెరిగిన బిగువును అంతయే పెరుగును. కావున పలుచని పట్టీలు పది పేర్చిన కట్టయు, మందపు పట్టీలు నాలుగు పేర్చిన కట్టయు ఒకే భారమును మోయగలవైనను, వంగవలసినంత వంగియు విరుగకుండ నిలుచునది మొదటిదే.

ఇట్టి కమానులపై నిలిచిన జీపు పుట్టుక ఇది: 1940 జూలైలో అమెరికా సైన్యము 135 కంపెనీలకు ఆహ్వానము పంపి, నాలుగు చక్రములును లాగగల చిన్న బండి యొకటి కావలెననియు, దాని తూకము 1300 పౌండ్లకు మించరాదనియు కోరెను. ఆ తూకములో అట్టి బండిని నిర్మించుట ఎవరికిని సాధ్యము కాలేదు. కార్ల్ ప్రాబ్‌స్ట్ రూపకల్పన చేసిన బాంటం కంపెనీ నమూనా 1940 సెప్టెంబరు 23న మేరీలాండ్ రాష్ట్రములోని హోలబర్డ్ సైనిక స్థావరమునకు చేరినప్పుడు ఆ హద్దును ఎంతో మించియే యుండెను. పిదప సైన్యము హద్దును 2160 పౌండ్లకు సడలింపగా, 60 అశ్వశక్తుల ఇంజను గల విల్లీస్ బండి ఆ హద్దునకు లోబడుటకై, ఆ కంపెనీ ప్రధాన ఇంజనీరు డెల్మర్ రూస్ బోల్టుల పొడవును సైతము కత్తిరించి, రంగును ఒక్క పూతకు కుదించెను. దాని నుండి రూపొందినదే విల్లీస్ ఎం.బి.; ఫోర్డు కంపెనీయు దానినే నిర్మింపగా, యుద్ధము ముగియునప్పటికి రెండు కంపెనీలును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసెను.

ఇంత లెక్కతో పుట్టిన బండికి కమానులును లెక్కతోనే పుట్టినవి. ఇరుసుల నడిమి దూరము 80 అంగుళములు; ముందు కమాను పొడవు 36¼ అంగుళములు, పట్టీలు ఎనిమిది; వెనుక కమాను పొడవు 42 అంగుళములు, పట్టీలు తొమ్మిది; అన్నిటి వెడల్పును 1¾ అంగుళములే. చోదకుడు ఎడమ ప్రక్కన కూర్చుండును. అతని ఆసనము క్రిందనే పెట్రోలు ట్యాంకు. ఆ భారమును ఎఱిగి నిర్మాతలు ఎడమ ముందు కమానును కుడిదానికన్న బిగువుగా చేసిరి. మెలితిరుగు ఇరుసును అదుపులో నుంచుటకు తరువాతి కాలములో ఆ ప్రక్కననే మరియొక చిన్న కమానును చేర్చిరి. ఒకే బండికి కుడి యెడమలందు వేరువేరు కమానులుండుట నాకు ఆ శిల్పుల శ్రద్ధకు గొప్ప సాక్ష్యముగా తోచును. ఈనాడు పాత జీపును బాగుచేయించువారిలో అనేకులు ఈ భేదమును గమనింపక రెండు వైపులను ఒకే కట్టను అమర్చి, బండి చోదకుని వైపునకు ఒరుగుచున్నదని చింతించుచుందురు.

యుద్ధానంతరము జీపు అమెరికా పొలములకును పర్వతములకును చేరెను. 1953 ఆగస్టులో కాలిఫోర్నియా రాష్ట్రమందలి రూబికాన్ బాటపై 155 మంది, 55 జీపులలో బయలుదేరి, సియెరా నెవాడా శిలల మీదుగా టాహో సరస్సు వైపునకు సాగిరి. 1967లో యూటా రాష్ట్రపు మోయాబులో ఈస్టరు జీపు యాత్ర ఆరంభమయ్యెను. ఇట్టి యాత్రలలోనే, మరింత పెద్ద టైరు కావలెనన్న కోరికయు, దాని వెంట బండిని ఎత్తు చేయు ఆచారమును బలపడెను. కంపెనీ టైరు ఎత్తు సుమారు 29 అంగుళములు. 31, 33 అంగుళముల టైరులు అమర్చినచో అవి మడ్‌గార్డులకు తగులును. దానికి ఉపాయము హెచ్చు వంపు గల కమానులు వేయుటయో, క్రిందనున్న కమానును ఇరుసు మీదికి మార్చుటయో.

ఇచ్చట ఒక విషయము స్పష్టముగా చెప్పవలెను. కమాను ఎంత ఎత్తినను ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ గుండు నేలనుండి వెంట్రుకవాసియైనను లేవదు. దానిని లేపునది టైరు ఒక్కటియే. కమాను లేపునది చట్రమును, ఇంజనును, మనుష్యులను. అనగా బండి బరువునంతటిని. దానితో ప్రక్కవాలు నేలపై బండి పొర్లు ప్రమాదము హెచ్చును. 80 అంగుళముల జీపులో వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు మిక్కిలి పొట్టి. చట్రము పైకి లేచినకొలది దాని వాలు నిటారై యూనివర్సల్ జాయింట్లు త్వరగా అరుగును. స్టీరింగు కడ్డీ వాలుటచే గుంతలో పడినప్పుడెల్ల చక్రము తనంత తాను తిరుగజూచును. బ్రేకు గొట్టములు చాలవు. 1970, 80 దశకములలో అమ్ముడైన ఎత్తు కమానులలో అనేకము మందపు పట్టీలు కొలదిగా పేర్చి, వంపు విపరీతముగా ఇచ్చినవి. అవి ఎత్తునిచ్చెను గాని, ఎలియట్ కాలమునుండి కమానుకు ప్రాణమై వచ్చిన మెత్తదనమును హరించెను.

మన దేశములో చరిత్ర వేరుగా నడచెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట మొదలిడి, పిమ్మట ఎత్తైన బానెట్టు గల సి.జె. 3 బి. రకమును స్వయముగా నిర్మించెను. దాని సంతతి 2010వ సంవత్సరము వరకును తయారగుచుండెను. ఇచ్చట కమానుకు పట్టీ చేర్చినది విలాసమునకు కాదు. పాడేరు, అరకు ఘాటుబాటలలో జనమును, బస్తాలను కిక్కిరిసి ఎక్కించుకొని తిరుగు సర్వీసు జీపులకు కంపెనీ కమానులు చాలవు గనుక, వెనుక కట్టలకు అదనముగా ఒకటి రెండు పట్టీలు వేయించుట రివాజయ్యెను. బెజవాడ ఆటోనగరు వంటి చోట్ల కమానుల పనివాడు, చదునైన పాత పట్టీని దిమ్మెపై నుంచి, సమ్మెటతో అంగుళమంగుళముగా కొట్టుచు వంపు ఎక్కించి, నేలపై సుద్దతో గీచిన వంపు గీత మీద పెట్టి సరిచూచును. ఆ చేతిపని దర్శనీయమే. కాని అలసిన ఉక్కునకు ఎక్కించిన వంపు చిరకాలము నిలువదు. పట్టీలకు లోతైన గాడి గాని చీలిక గాని యున్నచో క్రొత్త కట్టయే శరణ్యము.

ఆ క్రొత్త కట్టను ఎన్నుకొనునపుడు ఎత్తు మాట చివరనే రావలెనని నా దృఢమైన అభిప్రాయము. ముందుగా బండిని కాటా వేయించి, ముందు ఇరుసుపై ఎంత, వెనుక ఇరుసుపై ఎంత బరువున్నదో తెలిసికొనవలెను. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేసిన బండికిని, ముందు వించి బిగించిన బండికిని 1941 నాటి లెక్క వర్తింపదు. పిమ్మట కన్నునుండి కన్నుకు గల పొడవును, పట్టీ వెడల్పును, బుష్షు కొలతను సరిచూడవలెను. సమాన భారమును మోయు కట్టలలో పలుచని పట్టీలు ఎక్కువగా గలదానిని కోరుకొనవలెను. ఎత్తు అవసరమే యైనచో పొట్టి జీపునకు 2.5 అంగుళములు చాలును; అంతకు మించినచో ఇరుసు వాలును సరిదిద్దు చీల మొదలు షాఫ్టు వరకు అన్నియు మార్పవలసివచ్చును. పాత యు బోల్టులు ఒకసారి సాగినవి గనుక మరల వాడరాదు. తొలినాటి విల్లీస్ బండ్లలో కమానును చట్రమునకు కలుపు యు ఆకారపు షాకిళ్ళలో కొన్నిటికి ఎడమ మర యుండును. అది తెలియక బలవంతముగా త్రిప్పినచో మర చెడును. రబ్బరు బుష్షులు గల కమానైనచో, బండిని జాకీల మీదనుండి దించి, దాని బరువు చక్రములపై పూర్తిగా నిలిచిన పిమ్మటనే కన్నుల బోల్టులను కడపటి బిగువు బిగింపవలెను. గాలిలో వ్రేలాడుచుండగా బిగించిన బుష్షు ఎల్లవేళల మెలిపడి యుండి, కొలదికాలములోనే చినిగిపోవును.