రాజరత్న జబ్బు, రమాబాయి ఆరోగ్యం: చరిత్ర పట్టించుకోని ఇల్లు

దళిత ఉద్యమ చరిత్రలో 1927 మహాడ్ ఉంది, 1932 పూనా ఒప్పందం ఉంది. 1926 జూలై మాత్రం కనపడదు. ఆ నెలలో అంబేద్కర్, రమాబాయిల చిన్న కొడుకు రాజరత్న న్యుమోనియాతో చనిపోయాడు. పసివాడి జబ్బుకూ ఉద్యమ చరిత్రకూ ఏం సంబంధమని ఎవరైనా అడగొచ్చు. సంబంధం ఉందనే మా వాదన.

1912లో పుట్టిన యశ్వంత్ ఒక్కడే ఆ దంపతులకు దక్కాడు. గంగాధర్, రమేష్, ఇందు, రాజరత్న - నలుగురూ 1926 లోపే పోయారు. రాజరత్న పోయిన నెలకు, ఆగస్టు 16న, మిత్రుడు దత్తోబా పవార్‌కు అంబేద్కర్ ఉత్తరం రాశారు. తానూ భార్యా తేరుకోలేదని, తేరుకుంటామన్న ఆశ కూడా లేదని అందులో ఒప్పుకున్నారు. ఆయన బాధ కాగితం మీద మిగిలింది. రమాబాయి బాధ మిగల్లేదు. దాన్ని వెతకాలంటే ఆమె బతికిన ఇంట్లోకి, ఆమె ఒంట్లోకి చూడాలి.

ఆ ఇల్లు పరేల్‌లోని బి.ఐ.టి. చాల్‌లో రెండు గదులు. 1896 ప్లేగు తర్వాత, 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టించిన చాల్ అది. 1921 జనాభా లెక్కల నాటికి బొంబాయి జనంలో మూడింట రెండొంతుల మంది ఒంటిగది ఇళ్ళలోనే ఉన్నారు. బారిస్టరు ఇంటికే రెండు గదులైతే మిల్లు కూలీ ఇంటి సంగతి చెప్పాలా? న్యుమోనియాకు పనిచేసే సల్ఫా మందులు 1930ల చివర్లో గానీ రాలేదు, పెన్సిలిన్ 1940లలో వచ్చింది. 1926లో బిడ్డకు ఊపిరాడకపోతే మిగిలిన వైద్యం తల్లి సేవే. నిద్ర కాచేదీ, పస్తుండేదీ, మిగతా బిడ్డను చూసుకునేదీ ఆమే. బిడ్డ జబ్బు బిడ్డతో ఆగదు, ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన డెన్మార్క్ పరిశోధన, బిడ్డను పోగొట్టుకున్న 21 వేల మందికి పైగా తల్లిదండ్రులను, బిడ్డ పోని తల్లిదండ్రులతో పోల్చింది. బిడ్డ పోయిన తల్లుల్లో మరణాల ముప్పు 40 శాతానికి పైగా ఎక్కువని తేలింది. తండ్రుల్లో అంత తేడా లేదు. వైద్యమూ పెన్షనూ ఉన్న దేశం లెక్క ఇది. నాలుగుసార్లు కడుపుకోత అనుభవించిన అంటరాని తల్లి లెక్క ఎవరు రాశారు? రమాబాయి ఆరోగ్యం అంతకంతకూ క్షీణించింది. 1935 మే 27న, నలభై నిండకుండానే, ఆమె చనిపోయింది. నాలుగు మరణాలే ఆమెను చంపాయని మేము తీర్పు చెప్పడం లేదు. పేదరికం, కాన్పులు, ఉపవాసాలు, చాకిరీ అన్నీ అందులో ఉన్నాయి. కానీ వాటన్నిటి మధ్యా ఆ నాలుగు మరణాలు లేనట్టు రాసిన చరిత్రను మేము ఒప్పుకోం.

మన సభల్లో రమాబాయిని 'త్యాగమూర్తి' అంటాం, దండ వేస్తాం. ఆ మాటతో వచ్చిన చిక్కేమిటంటే, త్యాగం అనగానే ఇక అడగడానికి ఏమీ ఉండదు. జబ్బు అంటే అడగాల్సింది చాలా ఉంటుంది: ఇల్లు ఎట్లా ఉంది, కూలి ఎంత, డాక్టరు ముట్టుకున్నాడా, తల్లి ఏం తిన్నది? త్యాగం ఆమె సొంత గుణం అయిపోతుంది. జబ్బుకు మాత్రం సమాజం జవాబు చెప్పాలి.

అంబేద్కర్ ఆ జవాబును చట్టసభలోనే అడిగారు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశానికే మేలని వాదించారు. 1929లో అది చట్టమైంది. రాజరత్న మరణానికీ ఆ ప్రసంగానికీ నేరుగా ముడిపెట్టలేం. కానీ తల్లి ఒళ్ళు ప్రైవేటు విషయం కాదని ఆయన అర్థం చేసుకున్నారు. ఆయన పేరు చెప్పుకునే మనమే ఆ సంగతి మర్చిపోయాం.

అందుకే విద్యార్థులకూ, టీచర్లకూ, కార్యకర్తలకూ మా విన్నపం ఒకటే. వాడల్లో చరిత్ర సేకరించేటప్పుడు పోరాటాల తేదీలతో ఆగొద్దు. ఏ బిడ్డ ఏ జబ్బుతో పోయాడో, ఆస్పత్రికి ఎంత దూరం నడిచారో, ఎంత అప్పు చేశారో, ఆ తర్వాత తల్లి ఎన్నాళ్ళు మంచం పట్టిందో, మిగిలిన పిల్లలు బడి మానేశారో లేదో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. ఆ రాత లేకపోతే మన చరిత్రలో నాయకులు మిగులుతారు, వాళ్ళను బతికించిన ఆడవాళ్ళు మిగలరు.