చెన్నపురి మహజరు

ప్రజలు తమ కష్టసుఖములను బ్రభువులకుఁ దెలుపుకొను పత్రమునకు మన భాషలోఁ బెక్కు పేరులు గలవు. విన్నపము విజ్ఞాపన శబ్దమునుండి పుట్టినది. అర్జీ యరబ్బీ పదము. పారసీకముద్వారా మహమ్మదీయ ప్రభుత్వకాలమున మన కచేరీలలోఁ జేరినది. పలువురు గూడి చేవ్రాళ్లు పెట్టి పంపుకొను పత్రమునకు మహజరని పేరు. విన్నప మొక్కనిది కావచ్చును, మహజరు సంఘమునది. కాని సంఘమెంత పెద్దదైనను, పత్ర మే త్రోవను బోయి యెవ్వరి చేతఁ బడునో దానినిబట్టియే ఫలము సిద్ధించును. ఇందులకు 1852-వ సంవత్సరమునఁ జెన్నపట్టణమునుండి సీమకుఁ బోయిన మహజరు చరిత్రము మంచి నిదర్శనము.

ఈస్టిండియా కంపెనీకి 1833లో నొసంగఁబడిన పట్టా యిరువదియేండ్ల గడువు గలది. ఆ గడువు తీఱనుండఁగా హిందూదేశ పరిపాలన మిఁక నెట్లుండవలయునను చర్చ పార్లమెంటులోఁ బుట్టెను. ప్రజలు తమ మాట వినిపింపఁదగిన సమయ మిదియే యని గుర్తించి, చెన్నపురి పౌరులు 1852 ఫిబ్రవరి 26-వ తేదిని ఒక సంఘమును స్థాపించిరి. మొదట నిది కలకత్తాలోని బ్రిటిషు ఇండియను సంఘమునకు శాఖయై, కొలఁది మాసములకే స్వతంత్రమై, మద్రాసు నేటివు అసోసియేషనను పేరఁ బరఁగెను. దీనికిఁ బ్రధాన పురుషుఁడు గాజుల లక్ష్మీనరసుశెట్టి. ఈయన 1806లో జన్మించిన తెలుఁగు వర్తకుఁడు. 1844లో క్రెసెంటను నింగ్లీషు పత్రికను నెలకొల్పి ప్రజాపక్షమును వాదించుచుండెను.

సంఘమువారి మహజరు పన్నుల భారమును, రైతువారీ విధానమున రయితులు పడు నిడుమలను, న్యాయస్థానముల యాలస్యమును, నీటివనరులు బాటలు విద్య మొదలగువానియం దుపేక్షను వివరించి సంస్కరణమును గోరెను. 1853 తొలి మాసములలో నిది పార్లమెంటునందుఁ బ్రస్తావనకు వచ్చెను. ఇచ్చట నొక విశేషము గమనింపఁదగును. కామన్సు సభ యెన్నికలచే నేర్పడు సభ. కాని మహజరు పంపిన చెన్నపురివాసులకు ఆ యెన్నికలలో వోటు లేదు. తమకు బదులు చెప్పవలసిన పనిలేని ప్రతినిధులకు వారు తమ గోడు చెప్పుకొనవలసి వచ్చెను. వారిని గద్దె దింపెదమని బెదరించుటకు సాధనము లేదు. సాక్ష్యముచే నమ్మించుట యొక్కటే గతి. 1853 నాఁటి పట్టా చట్టము వారి కోరికలలోఁ బెక్కింటిని దీర్పలేదు. అయినను సంఘమువా రూరకుండలేదు.

లండనులోని ఇండియా సంస్కరణ సంఘమున కధ్యక్షుఁడును, కామన్సు సభ్యుఁడును నగు హెన్రీ డాన్బీ సీమోరు 1853 అక్టోబరులోఁ జెన్నపట్టణమునకు వచ్చెను. లక్ష్మీనరసుశెట్టి యాతనిని వెంటఁబెట్టుకొని గుంటూరు, కడలూరు, తిరుచిరాపల్లి, సేలము, తిరునెల్వేలి ప్రాంతములను జూపించెను. కాగితమునఁ జదివిన దానిని గన్నులారఁ జూచుట కాతనికి దీనిచే నవకాశము గలిగెను. 1854 జూలైలో బ్లాకెట్టను సభ్యుఁడు మద్రాసు భూమిశిస్తు విషయమును గామన్సు సభలోఁ జర్చకుఁ దెచ్చెను. శిస్తు రాఁబట్టుటకై రయితులను హింసించుచున్నారను మాట యా చర్చయందుఁ బైకి వచ్చెను. కొందఱు సంశయించిరి, కాని దేశమును జూచివచ్చిన సభ్యుఁ డెదుట నుండఁగా నా మాటను ద్రోసివేయుట సుకరము కాలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వము ఇలియట్టు, స్టోక్సు, నార్టను అను మువ్వురిని విచారణకు నియమించెను.

వీరి నివేదిక 1855 ఏప్రిలులో వెలువడెను. స్వయముగా వచ్చి చెప్పినవియు, ఉత్తరములచేఁ దెలిపినవియుఁ గలిసి 1,959 ఫిర్యాదులు వీరికి వచ్చినవి. శిస్తు వసూలునకై హింస సామాన్యముగా జరుగుచున్నదని వారు నిర్ధారించిరి. కఱ్ఱల నడుమ నవయవములను నొక్కు కిట్టి, మనిషిని వంచి కట్టివైచుట మొదలగు క్రూరకృత్యముల వర్ణన మిచ్చట విస్తరింప నక్కఱలేదు. మనకు ముఖ్యమైనది వేఱొకటి. బాధితుఁడు న్యాయము పొందలేకపోవుటయే హింసకంటెను విచారణకర్తల మనస్సును నొప్పించెను. కలెక్టరు కచేరి దూరము, పోవుటకు వ్యయము, పోయివచ్చు నన్నినాళ్లు పొలముపని చెడును. వ్రాసి పంపుదమన్నచో, ఆ యర్జీ తహశీలుదారునకుఁ బంపుమను వాడుక మేలువ్రాఁతతోఁ దిరిగివచ్చునను భయము. తహశీలుదారుఁడు శిస్తు వసూలు చేయువాఁడు. పోలీసు పెత్తనమును వానిదే. బాధించినది తానో, తన క్రింది కొలువువాఁడో. ఇట్లు అర్జీ చుట్టు తిరిగి, యెవ్వనిపై వ్రాయఁబడెనో వాని చేతనే పడుచుండెను. ఇంక వ్రాయ సాహసించు రయితెవ్వఁడు? సీమకుఁ బోయిన మహజరు తహశీలుదారును, కలెక్టరును, మద్రాసు ప్రభుత్వమును దాఁటి, ఆ ప్రభుత్వమునే ప్రశ్నింపఁగల సభను జేరినది. దాని బలమంతయు నందే కలదు.

నివేదికయందు లోపము లేకపోలేదు. అది దోషభారమును దేశీయోద్యోగులపై మోపి, తెల్లదొరలను జాలవఱకు విడిచిపెట్టెను. మోయరాని శిస్తును విధించిన వారెవ్వరు, దానిని రాఁబట్టుమని క్రిందివారిని దొందరపెట్టిన వారెవ్వరు అను ప్రశ్నలకు దానిలోఁ దగిన సమాధానము లేదు. అయినను ఫలము శూన్యము కాదు. 1859 నాఁటి మద్రాసు పోలీసు చట్టము పోలీసు పనిని శిస్తు పనినుండి వేఱుచేసెను. లక్ష్మీనరసుశెట్టి 1863లో మద్రాసు శాసనసభకు సభ్యుఁడుగా నియమింపఁబడి, 1868లో గీర్తిశేషుఁడయ్యెను.

1852 నాఁటి మహజరు పెక్కింటిని గోరెను. వానిలో రయితు బాధ యొక్కటి ప్రత్యక్షసాక్ష్యముచే స్థిరపడి విచారణకుఁ దెచ్చెను. నేఁడు మనకు వోటు గలదు. 1924లోఁ గేంద్ర శాసనసభయం దేర్పడిన ప్రజావిజ్ఞాపనల సంఘమునకు వారసమైన కమిటీ లోకసభయందును గలదు. మార్గములు పెరిగినవి, అర్జీ తుదకెవ్వని చేతికిఁ బోవునను ప్రశ్న మాత్రము పాఁతఁబడలేదు. పాఠశాలలలో నర్జీ వ్రాయు విధమును నేర్పు పండితులు సంబోధనము, విషయము, చేవ్రాలు అను మూఁడంగములతోఁబాటు, అది పోవలసిన త్రోవ యను నాలవ యంగమును గూడ బిల్లలకుఁ దెలుపుట మేలు.