మందు, ప్రార్థన, మనోవ్యాధి: నేను చూసిన కొంత చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరారు. కోటలు, దేవాలయాలు, ఉద్యమాల మీద రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఆరోగ్య శాఖ కుష్ఠు విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా చేరి, ముప్ఫై అయిదేళ్ళు ఊరూరా తిరిగి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసింది రోగాల చరిత్ర, రోగులను మన సమాజం చూసిన తీరు చరిత్ర. అందులోనూ ఇంట్లో మాట్లాడుకోవడానికే మనం జంకే మనోవ్యాధి గురించి, దాని చికిత్సలో వైద్యాన్నీ దైవభక్తినీ కలిపి నడిపిన కొందరు క్రైస్తవ వైద్యుల గురించి రాయదలచాను. నేను క్రైస్తవుణ్ణి కాను. ఈ విషయం ఎంచుకోవడానికి కారణం మా తమ్ముడు. ఆ సంగతి దాచి రాస్తే ఇది సగం వ్యాసమే అవుతుంది.

డిచ్‌పల్లి నేర్పిన పాఠం

మా సొంత ఊరు భైంసా. ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉన్నా, నేను ఉద్యోగంలో చేరిననాటికి ఆదిలాబాద్ జిల్లా ముధోల్ తాలూకాలోనిది. కుష్ఠు రోగులను పెద్ద చికిత్సకు పంపాలంటే మాకు నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లే దిక్కు. స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. ఊరి బయటకు వెళ్ళగొట్టబడిన రోగులను చూసి చలించి, మొదట నిజామాబాదులో చిన్న ఆశ్రయం పెట్టి, 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి స్థాపించారు. దానికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చినవారు రాజా నర్సాగౌడ్ గారు, హిందువు. 1920 ప్రాంతంలో అడవి బాదం జాతి గింజల నుంచి తీసిన హైడ్నోకార్పస్ నూనె సూదిమందుగా రావడంతో, అంతవరకు తలదాచుకునే చోటుగా ఉన్నది చికిత్సాలయమైంది. ఇసబెల్ కెర్ 1932లో కన్నుమూశారు.

ఈ చరిత్రలో నేను గమనించినది ఒకటుంది. ఆ దంపతులు దేవుణ్ణి నమ్మినవారే. అయినా రోగం పాపానికి శిక్ష అని రోగికి చెప్పలేదు. నూనె మందు రాగానే ప్రార్థన చాలులే అని ఊరుకోలేదు. మందు వచ్చింది కదా అని రోగిని చేత్తో తాకి పలకరించడం మానలేదు.

మేమూ ఊళ్ళలో చేసిన పని అదే. మచ్చ మీద పెన్ను మొనతో తాకించి, కళ్ళు మూసుకుని ఎక్కడ తాకిందో వేలు పెట్టి చూపమనేవాళ్ళం. స్పర్శ లేదని తేలితే డాప్సోన్ మాత్రలిచ్చి, "ఇది శాపం కాదు, రోగం. మాత్రలు మానొద్దు" అని చెప్పేవాళ్ళం. ఆ మాట నేను కొన్ని వేల సార్లు చెప్పి ఉంటాను.

మా కొట్టంలో గొలుసు

1979లో మా తమ్ముడికి ఇరవై రెండేళ్ళు. నాందేడ్‌లో చదువుతూ మధ్యలో ఇంటికి వచ్చేశాడు. రాత్రంతా ఒక్కడే మాట్లాడుకునేవాడు. పక్కింటివాళ్ళు బావిలో విషం కలిపారని నీళ్ళు తాగేవాడు కాదు. గాలి సోకిందన్నారు, ఎవరో చేయించారన్నారు. బాపు మంత్రగాళ్ళను పిలిపించాడు, తాయెత్తులు కట్టించాడు, దర్గాకు తీసుకుపోయాడు, బాసరలో మొక్కుకున్నాడు. రెండేళ్ళు గడిచేసరికి ఇంట్లో పైసా మిగలలేదు, వాడికి నయమూ కాలేదు. ఒకనాడు రోడ్డు మీద లారీకి ఎదురెళ్ళాడని వాణ్ణి పశువుల కొట్టంలో కట్టేశాం. ఆ గొలుసు భైంసా బజారులో కొనుక్కొచ్చింది నేనే.

పగలు ఊళ్ళలో "ఇది శాపం కాదు" అని చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి తమ్ముడి కాలికున్న గొలుసు చూసేవాణ్ణి. ఆ రెండూ ఒకే మనిషి చేస్తున్న పనులని నాకు చాలాకాలం తోచనే లేదు.

1981లో ఒక రోగిని తీసుకుని డిచ్‌పల్లి వెళ్ళినప్పుడు అక్కడి నర్సు ఒకామెతో మాటల మధ్య ఈ సంగతి బయటపెట్టాను. "మీరు మచ్చల రోగికి చెప్పే మాటే మీ తమ్ముడికీ చెప్పండి. వేలూరు తీసుకుపోండి" అన్నది.

వేలూరు పద్ధతి ఎలా వచ్చింది?

వేలూరులో ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల కాలక్రమంలో క్రిస్టియన్ మెడికల్ కాలేజి అయిందని చాలామందికి తెలుసు. ఆ సంస్థ 1957లో ఊరి శివారున బాగాయంలో మానసిక చికిత్సా కేంద్రం తెరిచిన సంగతి అంతగా తెలియదు. దాని వెనుక ఉన్నవారు కెనడాకు చెందిన మిషనరీ వైద్యురాలు డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్. ఆ రోజుల్లో మన దేశంలో పిచ్చాసుపత్రి అంటే ఎత్తైన గోడలు, ఇనుప తలుపులు. మన హైదరాబాదుదీ నిజాం కాలంలో జైలు ఆవరణలో మొదలై, 1953లో ఎర్రగడ్డకు మారింది. సాధారణంగా బంధువులు గేటు దగ్గర రోగిని అప్పగించి వెళ్ళిపోయేవారు. చాలామంది మళ్ళీ వచ్చేవారు కాదు.

బాగాయంలో నియమం వేరు. రోగితో పాటు ఇంటివాళ్ళు ఒకరైనా చికిత్స ముగిసేదాకా అక్కడే ఉండాలి. వండుకోవాలి, తినిపించాలి, డాక్టరుతో కూర్చుని రోగం గురించి నేర్చుకోవాలి. ఇది క్రైస్తవులకు మాత్రమే తట్టిన ఆలోచన కాదని కూడా చెప్పాలి. అదే దశాబ్దంలో అమృత్‌సర్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆవరణలో డేరాలు వేయించి బంధువులను రోగుల దగ్గర ఉంచారు.

లక్నోలోని నూర్ మంజిల్ చరిత్ర మరొక తీరుది. మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ 1907లో లక్నో వచ్చి, కొన్నేళ్ళకే మానసికంగా కుప్పకూలారు. విశ్రాంతికి స్వదేశం వెళ్ళి తిరిగొచ్చినా మళ్ళీ అదే స్థితి. చివరకు ఒక రాత్రి ప్రార్థనలో తేరుకున్నానని ఆయనే రాసుకున్నారు. అలాంటి అనుభవం ఉన్నవాడు ప్రార్థనే చాలునని ఊరూరా ప్రచారం చేసి ఉండవచ్చు. ఆయన అలా చేయక, 1950లో లక్నోలో మానసిక వైద్య కేంద్రం స్థాపించి, శిక్షణ పొందిన వైద్యులకు అప్పగించారు. తనకు ప్రార్థనతో నయమైనా అందరికీ అలాగే అవుతుందని అనుకోకపోవడం నాకు గొప్పగా తోచింది.

వీటి మూలాలు ఇంకా వెనక్కి ఉన్నాయి. ఇంగ్లండులోని యార్క్ పిచ్చాసుపత్రిలో క్వేకర్ శాఖకు చెందిన ఒక స్త్రీ 1790లో దిక్కులేని చావు చచ్చింది. అది తెలిసి టీ వర్తకుడు విలియం ట్యూక్ 1796లో రిట్రీట్ అనే ఆశ్రమం పెట్టి, సంకెళ్ళు లేకుండా, దెబ్బలు లేకుండా రోగులను చూడవచ్చని నిరూపించాడు. బెల్జియంలో గీల్ అనే ఊరివాళ్ళు సెయింట్ డింఫ్నా పేర వచ్చే మతిభ్రమించిన యాత్రికులను మధ్యయుగాల నుంచీ తమ ఇళ్ళలోనే పెట్టుకుని సాకారు. అయితే ఆ కాలంలో వారి దగ్గర దయ ఉంది, మందు లేదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ మందు మనోవ్యాధికి పనిచేస్తుందని తేలింది. మన దేశంలో లార్గాక్టిల్ పేరుతో వాడినది ఇదే. బాగాయం కేంద్రం పుట్టేనాటికి దయా మందూ రెండూ చేతికందాయి.

బాగాయంలో మా అవ్వ

బాసరలో చిన్న లైను బండి ఎక్కి సికింద్రాబాదు చేరి, అక్కడ బండి మారి కాట్పాడిలో దిగాం. నేను, అవ్వ, చేతులు కట్టేసిన తమ్ముడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట చేసిన పని ఆ తాడు విప్పమనడం. అవ్వ భయపడింది. "అమ్మా, ఇడిస్తే ఉరుకుతడు. మాకు ఈ ఊరు కొత్త, యాడ దేవులాడాలె?" అన్నది. తెలుగు తెలిసిన నర్సు ఆ మాట డాక్టరమ్మకు చెప్పింది. "మీరు పక్కనే ఉంటారు కదమ్మా, అందుకే ఉండమన్నాం" అని జవాబు వచ్చింది.

నేను సెలవు అయిపోయి తిరిగొచ్చాను. అవ్వ రెండు నెలలు అక్కడే ఉండి వండిపెట్టింది. ఉదయం ప్రార్థన జరిగేదట. రమ్మని ఎవరూ పట్టుబట్టలేదు. అవ్వ తన పెట్టెలో తెచ్చుకున్న సరస్వతమ్మ పటానికి దండం పెట్టుకుంటే ఎవరూ వద్దనలేదు. గాలి సోకిందన్న ఆమె నమ్మకాన్నీ ఎగతాళి చేయలేదు. మాత్ర మాత్రం వేళ తప్పకుండా వేయాలన్నారు. మన రోగులు కర్మనూ, గాలినీ, రోగాన్నీ ఒకేసారి నమ్ముతారనీ, ఆ నమ్మకాలతో తగవు పెట్టుకోకుండానే చికిత్స చేయవచ్చనీ వేలూరు వైద్యులు తర్వాతి కాలంలో పరిశోధనా వ్యాసాలు కూడా రాశారు. మా అవ్వ విషయంలో అది నేను కళ్ళారా చూశాను.

తమ్ముడు నడిచి ఇంటికొచ్చాడు. జిన్నింగ్ మిల్లులో పత్తి తూకాల చిట్టా రాసే పనిలో కుదిరాడు. అక్కడ విన్న పాటల వల్లనో ఏమో, ఆదివారాలు ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టాడు. బాపు వాడితో ఏడాది మాట్లాడలేదు.

మాత్రలు పారేసిన రోజు

1984లో ఒక స్వస్థత కూటంలో బోధకుడు ఒకాయన, నిజమైన విశ్వాసం ఉన్నవాడికి మాత్రలెందుకని అడిగాడట. తమ్ముడు ఆ రాత్రే సీసా తీసుకెళ్ళి సుద్దవాగులో పారేశాడు. మూడు నెలలు బాగానే ఉన్నాడు. అదే మమ్మల్ని మోసం చేసింది. నాలుగో నెలలో ఇల్లు విడిచిపోయాడు. పద్దెనిమిది రోజుల తర్వాత బాసరలో గోదావరి ఒడ్డున, చిక్కి శల్యమై, ఒంటిమీద బట్ట లేకుండా దొరికాడు. మళ్ళీ మాత్రలతో తేరుకున్నాడు కానీ మొదటంత బాగుపడలేదు. చిట్టా రాసే పని మళ్ళీ చేయలేకపోయాడు.

నాకు ప్రార్థన అంటేనే కోపం వచ్చింది. తమ్ముడు వెళ్ళే గుడిలోని ముసలి పాస్టరు గారు ఇంటికొస్తే గడప దాటనివ్వలేదు. ఆయన గడప అవతలే నిలబడి, "సువార్త రాసిన లూకా వైద్యుడు బాబూ. మాత్ర వేసుకున్నాకే ప్రార్థనకు రమ్మని నేను వాడికి చెప్తాను" అన్నాడు. చెప్పాడు కూడా. ఆ తర్వాత ఇరవై అయిదేళ్ళు తమ్ముడు ఆదివారం నాడు మాత్ర మింగి, నోరు తెరిచి అవ్వకు చూపించి, అప్పుడే బయల్దేరేవాడు. అవ్వ పోయాక నా భార్యకు చూపించేవాడు. 2009లో గుండెపోటుతో నిద్రలోనే పోయాడు. అప్పటికి వాడి కాలికి గొలుసు వేసి ఇరవై ఎనిమిదేళ్ళయింది. చీలమండ మీద మచ్చ మాత్రం అలాగే ఉంది.

మన వంతు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గరి ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుని గొలుసులతో కట్టేసి ఉన్న మనోరోగులు ఇరవై అయిదుగురికి పైగా కాలిపోయారు. పేపరులో చదివి ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. ఇది ఒక మతం తప్పు కాదు. మా కొట్టంలో గొలుసు ఏ దర్గావాళ్ళూ వేయలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని ఏ విధంగానూ కూడదని నిషేధించింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదలైన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. 2022 నుంచి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా దొరుకుతోంది. మా బాపు కాలంలో ఇవేవీ లేవు.

ఇంత చరిత్ర చూశాక నాకు తెలిసింది ఇంతే. నమ్మకం రోగి పక్కన కూర్చున్నప్పుడు వైద్యానికి బలమైంది. వైద్యుడి కుర్చీలో కూర్చున్నప్పుడు మా తమ్ముడి పని పోయింది, పద్దెనిమిది రోజులు వాడు ఏమైపోయాడో తెలియకుండా పోయింది. పెన్షన్ తీసుకునే వయసులో ఉన్న మనం ఇంటికి పెద్దలం. కొడుకో, కోడలో, మనవడో మారిపోయినట్టు కనిపిస్తే మొదట మనల్నే అడుగుతారు, ఎక్కడికి తీసుకుపోదామని. గుడికో, మసీదుకో, చర్చికో తీసుకుపోండి, తప్పు లేదు. ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. మాత్ర మానమని ఎవరు చెప్పినా, వారు ఎంతటివారైనా, వినకండి.