అండర్-16 నుంచి టీమిండియా దాకా.. మన పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడం ఎలా? ర్యాంకులను ఎంతవరకు నమ్మొచ్చు?

తొలి తెలుగు శాసనం దొరికిన ఊరు కలమల్ల. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడ చూసినా మరో పేరే వినిపిస్తోంది. ఆ పేరు నల్లపురెడ్డి శ్రీచరణి. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆమె సొంతూరు. తండ్రి ఆర్టీపీపీలో ఉద్యోగి. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టులో శ్రీచరణి ఒకరు. ఆ టోర్నీలో ఆమె తీసిన వికెట్లు 14.

అప్పటినుంచి ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు చాలా ఇళ్లలో ఒకటే ప్రశ్న. ‘మా పిల్లాడు జిల్లా జట్టుకు ఆడుతున్నాడు, మా పాప జోన్‌కు సెలెక్ట్ అయింది. మరి ఇంకెంత దూరం ఉంది?’ దీనికి జవాబు కావాలంటే ముందుగా మెట్ల లెక్క తెలియాలి.

అమెరికాలో ఏం చేస్తారు?

పైకి రాబోయే ఆటగాళ్లను వెతికి, వాళ్లకు ర్యాంకులు ఇవ్వడం అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద వ్యవహారం. అలాంటి కుర్రాళ్లను అక్కడ ‘ప్రాస్పెక్ట్’ అంటారు. ఒక్కో మేజర్ లీగ్ జట్టు కింద సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ పేరుతో మైనర్ లీగ్ జట్లు ఉంటాయి. కుర్రాడు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి రావాలి. ‘బేస్‌బాల్ అమెరికా’ పత్రిక 1990 నుంచి ఏటా టాప్-100 జాబితా ఇస్తోంది. ఆటగాడి నైపుణ్యాలకు స్కౌట్లు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 వస్తే మేజర్ లీగ్ సగటు స్థాయి అని అర్థం.

అంత పకడ్బందీగా లెక్కలు కట్టినా అంచనాలు తప్పుతూనే ఉంటాయి. 1988 డ్రాఫ్ట్‌లో మైక్ పియాజాను 62వ రౌండ్‌లో గానీ ఎవరూ తీసుకోలేదు. అదే పియాజా 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. మన దేశం నుంచి కూడా ఇద్దరు ఈ దారి పట్టారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఓ టీవీ పోటీలో బంతులు విసిరి మెప్పించి, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ మైనర్ లీగ్‌లలో ఆడారు, కానీ మేజర్ లీగ్ గడప తొక్కలేకపోయారు.

మన దగ్గర మెట్లు ఇవే..

ఆంధ్రా క్రికెట్ సంఘం రాష్ట్రాన్ని జోన్లుగా విడదీసింది. కడప జిల్లా సౌత్ జోన్ కిందికి వస్తుంది. జిల్లా జట్టు, తర్వాత జోన్ జట్టు, ఆ తర్వాత రాష్ట్ర జట్టు. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

* అండర్-16 అబ్బాయిలకు విజయ్ మర్చంట్ ట్రోఫీ.
* అండర్-19కు వన్డేల్లో వినూ మన్కడ్ ట్రోఫీ, నాలుగు రోజుల మ్యాచ్‌లకు కూచ్ బెహార్ ట్రోఫీ.
* అండర్-23కు కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ. భారత తొలి టెస్ట్ కెప్టెన్ అయిన నాయుడు ఆంధ్రా రంజీ జట్టుకూ సారథ్యం వహించారు.
* ఆ పైన రంజీ, విజయ్ హజారే, సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలు.
* అమ్మాయిలకు అండర్-15, అండర్-19, అండర్-23, సీనియర్ విభాగాలు. ఆ పైన డబ్ల్యూపీఎల్.

చిన్న వయసు విభాగాల్లో వయసు తేల్చడానికి ఎముకల పరీక్ష చేస్తారు. దాన్ని టీడబ్ల్యూ-3 పద్ధతి అంటారు. సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ మార్చి ఆడిస్తే దొరికిపోవడం ఖాయం. దొరికితే నిషేధం పడుతుంది. పిల్లాడి ఎదిగే వయసంతా దానికే పోతుంది.

అంకెలను ఎలా చదవాలి?

విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఇందుకు మంచి ఉదాహరణ. చిన్నప్పుడు కడపలోని ఏసీఏ అకాడమీలోనూ శిక్షణ తీసుకున్నాడు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నాగాలాండ్‌పై ఒకే ఇన్నింగ్స్‌లో 441 పరుగులు కొట్టాడు. అప్పుడే బీసీసీఐ టోర్నీల్లోకి అడుగుపెడుతున్న జట్టు మీద కొట్టిన స్కోరు కదా అని ఎవరైనా కొట్టిపారేయొచ్చు. కానీ ఆ సీజన్ మొత్తంలో అతను చేసినవి 1237 పరుగులు, సగటు 176.41. ఒక్క ఇన్నింగ్స్ కాదు, సీజన్ మొత్తం మాట్లాడింది. ఆ ఏడాది అండర్-16 ఉత్తమ ఆటగాడిగా బీసీసీఐ అవార్డూ దక్కింది.

అంతటి ఆటగాడికీ టెస్ట్ క్యాప్ రావడానికి దాదాపు ఏడేళ్లు పట్టింది. 2020లో రంజీ, 2023లో ఐపీఎల్, 2024 నవంబర్‌లో పెర్త్‌లో తొలి టెస్ట్. ఆ డిసెంబర్‌లోనే మెల్‌బోర్న్‌లో సెంచరీ.

గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ది మరో కథ. 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు వైస్ కెప్టెన్. ఫైనల్లో హాఫ్ సెంచరీ కొట్టాడు. చెన్నై సూపర్ కింగ్స్ తీసుకున్నా తొలి ఐపీఎల్ మ్యాచ్ కోసం 2025 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది.

శ్రీచరణి దారి వేరు. చిన్నప్పుడు ఖోఖో, బ్యాడ్మింటన్, అథ్లెటిక్స్ ఆడింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ల వయసుకే. పన్నెండేళ్ల పిల్లల జాబితా ఎవరైనా అప్పట్లో రాసి ఉంటే అందులో ఆమె పేరే ఉండేది కాదు. కానీ 2024 డిసెంబర్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ రూ.55 లక్షలకు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో భారత్ తరఫున వన్డే అరంగేట్రం. జూన్‌లో ఇంగ్లండ్‌పై తొలి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు.

చూడాల్సినవి నాలుగే

ఒకటి, ఎదుటి జట్టు. ఎలైట్ గ్రూపులో కొట్టిన 50, ప్లేట్ గ్రూపులో కొట్టిన 100 ఒకటి కావు. రెండు, వయసు. పదిహేనేళ్లకే అండర్-19 ఆడుతున్న పిల్లాడి 30 పరుగులకూ విలువుంది. మూడు, ఎన్ని మ్యాచ్‌లు. రెండు మ్యాచ్‌ల సగటు చూసి సంబరపడొద్దు, కుంగిపోనూ వద్దు. నాలుగు, చేసే పని. స్పిన్‌కు కలిసొచ్చే పిచ్‌పై తీసిన ఐదు వికెట్లకూ, ఫ్లాట్ పిచ్‌పై రోజంతా కట్టుదిట్టంగా వేసిన 25 ఓవర్లకూ తేడా ఉంటుంది.

మన దగ్గర బేస్‌బాల్ తరహాలో కుర్రాళ్లకు అధికారిక ర్యాంకుల జాబితా అంటూ లేదు. ఐసీసీ ర్యాంకులు అంతర్జాతీయ ఆటగాళ్లకే. సోషల్ మీడియాలో ‘రాష్ట్రంలో నంబర్ వన్’ అని తిరిగే పోస్టర్లు ఎవరో తయారు చేసుకున్నవే. వాటిని చూసి అప్పు చేసి మరీ అకాడమీలు మార్చే తల్లిదండ్రులున్నారు. డబ్బులిస్తే సెలెక్షన్ ఇప్పిస్తామనే మాటలను అసలే నమ్మొద్దు. ట్రయల్స్ తేదీలను జిల్లా, రాష్ట్ర సంఘాలే ప్రకటిస్తాయి. బీసీసీఐ దేశవాళీ మ్యాచ్‌ల స్కోర్‌కార్డులను బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పిల్లల పేరు అక్కడ కనిపిస్తోందా, ఏ జట్టు మీద, ఎన్ని మ్యాచ్‌లలో.. ఇది చూస్తే చాలు.

ఇక చదువు సంగతి. జిల్లా జట్లలో ఆడే పిల్లల్లో రంజీ దాకా వెళ్లేది కొద్దిమందే. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు పక్కన పెట్టించి మైదానానికే పరిమితం చేస్తే, ఆట దక్కని రోజున చేతిలో ఏమీ మిగలదు. నితీశ్‌కు ఏడేళ్లు పట్టింది. పదహారేళ్లకు మొదలుపెట్టినా శ్రీచరణికి ఆలస్యం కాలేదు. కాబట్టి పద్నాలుగేళ్లకు జోన్ జట్టులో పేరు రాలేదని కిట్ అటక మీద పెట్టేయాల్సిన పనిలేదు, వచ్చిందని పుస్తకాలు మూసేయాల్సిన పనీ లేదు.