లిటిల్ విల్లీ

లిటిల్ విల్లీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో బ్రిటనులో తయారైన ప్రయోగాత్మక ట్యాంకు. లింకన్ నగరంలోని విలియం ఫాస్టర్ కర్మాగారంలో విలియం ట్రిటన్, వాల్టర్ విల్సన్ దీనిని రూపొందించారు. ఇది యుద్ధంలో పాల్గొనలేదు. ప్రపంచంలో మిగిలివున్న ట్యాంకులన్నిటిలోను ఇదే పాతది; ఇంగ్లాండులోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఉన్నది. రహస్యం కాపాడటానికి ఈ యంత్రాలను నీటి తొట్లుగా చెప్పుకొన్నందున "ట్యాంకు" అన్న పేరు వచ్చింది. మన ట్యాంక్‌బండ్‌లోని మాట కూడా అదే, కాకపోతే అక్కడ చెరువు అని అర్థం.

స్కేలు నమూనాలు

దీని స్కేలు నమూనా చేయదలచినవారు ముందుగా ఏ నెలనాటి రూపం కావాలో నిర్ణయించుకోవాలి. 1915 సెప్టెంబరు పరీక్షలలో దీనికి అమెరికా నుండి తెప్పించిన బుల్లక్ ట్రాకులు ఉండేవి. కందకం దాటేటపుడు అవి వేలాడి ఊడిపోవడంతో ట్రిటన్ ఉక్కు పలకలతో కొత్త ట్రాకులు రూపొందించాడు. డిసెంబరు నాటికి వాటిని మరింత పొడవైన చట్రాలపై బిగించారు. మ్యూజియంలో ఉన్నది ఈ రెండవ రూపమే. కనుక అక్కడ ఎంత జాగ్రత్తగా కొలిచినా సెప్టెంబరు నాటి నమూనా రాదు. దానికి ఆనాటి ఛాయాచిత్రాలే ఆధారం. అప్పట్లో పైన ఉత్తుత్తి టరెట్ ఉండేది. తరువాత దానిని తొలగించి రంధ్రాన్ని రేకుతో మూసివేశారు. మలుపు తిప్పడానికి వెనుక అమర్చిన చక్రాలు గాని, లోపలి ఇంజను గాని మ్యూజియం వాహనంలో లేవు.