ఉసురు: ఒక మాట చరిత్ర

తుమ్మలపల్లెలో చీనీతోట ఎండిపోయిన ఒక రైతమ్మ, చక్రవడ్డీ గుంజుకున్నవాణ్ణి తలచుకొని పెద్దగా ఊపిరి విడిచి, "మా ఉసురు ఊరికే పోతాదా సారూ!" అంది. ఆ ఊపిరీ ఆ మాటా నాకు ఒకటిగానే వినిపించాయి.

నిజానికి అవి ఒకటే. కన్నడంలో 'ఉసిరు' నేటికీ శ్వాసే. తమిళంలో 'ఉయిర్' ప్రాణం. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు (1961) వీటినీ మన 'ఉసురు'నూ ఒకే మూలం కింద చేర్చింది. 'ఉసూరుమన్నాడు' అన్నప్పుడు ఆ శ్వాస చప్పుడు ఇంకా వినిపిస్తుంది. ఊపిరి ప్రాణంగా మారడం వింత కాదు. సంస్కృత 'ప్రాణం' కూడా శ్వాస నుంచి పుట్టిందే. 'ఉసురు తీశాడు' అనడం ఈ రెండో మెట్టు.

మూడో మెట్టు 'ఉసురు తగలడం'. సమాజ చరిత్ర ఉన్నది ఇక్కడే. పురాణాల్లో శపించాలంటే తపస్సో పాతివ్రత్యమో కావాలి. ఉసురుకు అన్యాయానికి గురైతే చాలు. కోర్టు మెట్లెక్కలేనివాళ్ల ఫిర్యాదు అది. నిట్టూర్పును, అంటే నిడుద ఊర్పును, కావ్యాలు ఎక్కువగా విరహిణికి కట్టబెట్టాయి. జనం తమ శ్వాసను ఆరోపణగా మలచుకున్నారు.

అయితే ఈ మాట శిక్షను విధికి వదిలేస్తుంది. అప్పిచ్చినవాడు జడుసుకోవచ్చు గానీ ప్రోనోటు చిరగదు. ఉసురును నమ్మమని కాదు, అందులోని ఆరోపణను వినమనే రచయితలకు నా మనవి.