ఒంగోలు కరవు కాలువ

1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీని కుదిపేసిన మహా కరవులో ఒంగోలు ప్రాంతం తీవ్రంగా నలిగింది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుంచి మాదిగ పల్లెల్లో పనిచేస్తున్నాడు. అంతకుముందు సర్వేయింగ్ నేర్చినవాడు కనుక తీరం వెంట తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవారికి గంజి కేంద్రాలకు బదులు కూలి దొరికింది.

అతని బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి పని చూసి, విరామంలో కూలీల మధ్య కూర్చుని, అలసినవారిని విశ్రాంతికి పిలిచే మత్తయి సువార్త 11వ అధ్యాయం గురించి చెప్పేవారు. బిడ్డల్ని పోగొట్టుకున్నవారికి ఆ మాటలు దగ్గరగా తోచాయి. ఓదార్పు ఇక్కడ వేరే కార్యక్రమం కాదు, కూలి డబ్బుతో కలిసే నడిచింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. బాప్తిస్మం అడిగేవారు పెరిగినా, కరవు సహాయ నిధి చేతిలో ఉన్నంతకాలం క్లౌ ఒప్పుకోలేదు. అన్నం కోసం మతం మారారన్న నింద తప్పించాలని అతని పట్టు. ఆ జాగ్రత్త ఎంత నిజాయితీగలదైనా అనుమానాన్ని పూర్తిగా తుడవలేదు. సహాయం ఆగాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ 1910లో మరణించాడు. అతని జ్ఞాపకాలను భార్య ఎమ్మా గ్రంథస్థం చేయగా 1914లో వెలువడ్డాయి.